అయానిక స్ఫటికంలో బిందు లోపాన్ని గుర్తించడం ఎలా

నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పరిధిలోనో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోనో బీఎస్సీ రసాయనశాస్త్రం చదివే విద్యార్థులకు బిందు లోపాలు, అంటే స్ఫటికంలో ఒకటి రెండు అయాన్ల స్థానాల్లో వచ్చే తేడాలు, ఎక్కువగా ఒక ఉదాహరణల పట్టికగానే పరిచయమవుతాయి. పట్టికలో లేని పదార్థం ప్రశ్నలో వస్తే ఆ కంఠస్థం అక్కరకు రాదు. అందుకని ఏ పదార్థమిచ్చినా మొదట ఆవేశాల లెక్క, తర్వాత సాంద్రత, ఆ తర్వాత అయాన్ల పరిమాణం చూడడం అలవాటు చేసుకోవాలి.

జాలకంలో, అంటే స్ఫటికంలోని అయాన్ల క్రమమైన అమరికలో, ఏ అయాన్ లోపించినా, ఏ కొత్త అయాన్ చేరినా, మొత్తం ధనావేశం మొత్తం రుణావేశంతో సమానంగా ఉండి తీరాలి. సోడియం క్లోరైడ్‌లో ఒక సోడియం స్థానం ఖాళీ అయితే దానికి జతగా ఒక క్లోరైడ్ స్థానమూ ఖాళీ అవుతుంది. ఇదే షాట్కీ లోపం. దీనివల్ల సాంద్రత తగ్గుతుంది గానీ, గది ఉష్ణోగ్రత వద్ద ఒక ఘన సెంటీమీటరు ఉప్పులో అయాన్లు 10²² స్థాయిలో ఉంటే ఇలాంటి జతలు సుమారు 10⁶ మాత్రమే కనుక, ఆ తగ్గుదల మామూలు తూకానికి అందదు. అయాన్ స్ఫటికాన్ని విడిచిపోకుండా తన స్థానం నుంచి పక్కనున్న అల్పాంతరాళంలోకి (అయాన్ల మధ్య సందులోకి) జరిగితే అది ఫ్రెంకెల్ లోపం, సాంద్రత మారదు. జింక్ సల్ఫైడ్‌లో జింక్ అయాన్ వ్యాసార్ధం 74 పికోమీటర్లు, సల్ఫైడ్‌ది 184. ఇంత తేడా ఉన్నప్పుడు చిన్న అయాన్ జరగడం సులభం. సిల్వర్ బ్రోమైడ్‌లో రెండు లోపాలూ కనిపిస్తాయని గుర్తుంచుకోండి.

మలినం చేరినప్పుడు ఆవేశాల లెక్క మరింత ముఖ్యం. సోడియం క్లోరైడ్‌లో +2 ఆవేశమున్న ఒక స్ట్రాన్షియం అయాన్ చేరితే రెండు సోడియం అయాన్లు తొలగుతాయి. ఒక స్థానాన్ని స్ట్రాన్షియం ఆక్రమిస్తుంది, రెండవది ఖాళీగా మిగులుతుంది. మోల్ శాతంలో 10⁻³ స్ట్రాన్షియం క్లోరైడ్ కలిపితే ఒక మోల్‌కు 6.02 × 10¹⁸ కాటయాన్ (ధన అయాన్) ఖాళీలు ఏర్పడతాయి. దీనికి భిన్నమైన ఉదాహరణ నల్లగొండ జిల్లా మనుషుల ఎముకల్లోనే ఉంది. ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సైడ్ ఉండవలసిన చోట, తాగునీటి ద్వారా వచ్చిన ఫ్లోరైడ్ చేరుతుంది. రెండింటి ఆవేశమూ ఒకటే, పరిమాణమూ దగ్గరదే, కాబట్టి ఈ మార్పిడికి ఖాళీలు అవసరం లేదు. తరాల తరబడి ఈ ప్రాంతాన్ని వంచిన ఫ్లోరోసిస్ వెనుక ఈ అయాన్ మార్పిడి కూడా ఉందని ఇక్కడి ప్రతి రసాయనశాస్త్ర విద్యార్థికీ తెలియాలి.

సోడియం ఆవిరిలో వేడిచేసిన ఉప్పు పసుపు రంగుకు మారడానికి కారణం ఆనయాన్ (రుణ అయాన్) ఖాళీల్లో చిక్కిన ఎలక్ట్రాన్లు, వీటిని ఎఫ్-కేంద్రాలంటారు. ఇక్కడ కూడా తటస్థతే సూత్రం: వెళ్లిపోయిన క్లోరైడ్ ఆవేశాన్ని ఎలక్ట్రాన్ భర్తీ చేస్తుంది.

ఇప్పుడు కష్టమైన లెక్క. ఒక ఐరన్ ఆక్సైడ్‌లో 100 ఆక్సైడ్ అయాన్లకు 93 ఐరన్ అయాన్లే ఉన్నాయనుకుందాం. ఆక్సైడ్ల రుణావేశం 200. ఐరన్ అంతా ఫెర్రస్ (+2) రూపంలో ఉంటే ధనావేశం 186 మాత్రమే అవుతుంది. మిగిలిన 14 పూరించాలంటే 14 అయాన్లు ఫెర్రిక్ (+3) రూపంలో ఉండాలి, అంటే ఐరన్‌లో దాదాపు 15 శాతం. ఖాళీలు 7, ఫెర్రిక్ అయాన్లు 14. ఒక్కో ఖాళీకి రెండు చొప్పున వచ్చాయి కనుక లెక్క సరిపోయింది.

అయితే ఇదే నిష్పత్తి ఐరన్ తగ్గడం వల్ల కాక, అదనపు ఆక్సిజన్ అల్పాంతరాళాల్లో దూరడం వల్ల కూడా రావచ్చు కదా? ఆవేశాల లెక్క ఈ రెంటినీ వేరుచేయలేదు, సాంద్రత వేరుచేస్తుంది. యూనిట్ సెల్ (స్ఫటికంలో పదేపదే వచ్చే అతిచిన్న గడి) అంచు 429.2 పికోమీటర్లు, సెల్‌కు నాలుగు ఫార్ములా యూనిట్లు తీసుకుని లెక్కిస్తే, ఐరన్ ఖాళీలున్నప్పుడు ఘన సెంటీమీటరుకు 5.71 గ్రాములు, ఆక్సిజన్ అదనంగా ఉన్నప్పుడు 6.14 గ్రాములు వస్తాయి. ప్రయోగంలో కొలిచిన విలువ 5.66 గ్రాములు. కాబట్టి లోపించింది ఐరనే.