లోటు బడ్జెట్‌ను చదవడం ఎలా: సరిహద్దు వాసులకు ఒక పద్ధతి

ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ వెలువడిన మర్నాడు ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న మా గుణుపురంలో తెలుగు పత్రిక తెరిస్తే ద్రవ్య లోటు అంకె పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. ఆ వెనకే భువనేశ్వర్ లెక్క, అమరావతి లెక్క కూడా మన చెవిన పడతాయి. పార్వతీపురంలో ఉండే మా బావగారు ఏటా ఫోను చేసి, "మీ ఒడిశాకు మిగులట, మాకు అప్పులట" అని నిష్ఠూరంగా అంటుంటారు. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవాలంటే లోటు మంచిదా చెడ్డదా అని కాక, అది దేని కోసం, ఏ కాలంలో, ఎంత వడ్డీకి అని అడగాలి.

ముందుగా ద్రవ్య లోటునూ రెవెన్యూ లోటునూ విడదీయండి. మొదటిది ప్రభుత్వం ఆ ఏడాది తెచ్చే మొత్తం అప్పుకు కొలత. రెండోది జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీల వంటి రోజువారీ ఖర్చుకు పన్నులు, ఇతర రాబడి చాలక మిగిలిన వెలితి. కేంద్ర ఆర్థిక శాఖ వెబ్‌సైటులో 'బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్' అనే చిన్న పత్రం ఉచితంగా దొరుకుతుంది. అందులో మొదటి పట్టిక ఒక్కటి చాలు. 2025-26 అంచనాల ప్రకారం ద్రవ్య లోటు సుమారు 15.69 లక్షల కోట్ల రూపాయలు, అంటే జీడీపీలో (దేశం ఏడాదిలో ఉత్పత్తి చేసే వస్తువులు, సేవల మొత్తం విలువలో) 4.4 శాతం, రెవెన్యూ లోటు సుమారు 5.24 లక్షల కోట్లు. అంటే తెచ్చిన ప్రతి మూడు రూపాయల అప్పులో ఒకటి పూట గడుపుకోవడానికి పోతుండగా, రెండు రూపాయలు రోడ్లు, రైళ్ల వంటి మూలధన వ్యయానికి చేరుతున్నాయి.

ఆ రెండు రూపాయలు ఎలా ఉంటాయో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడా నుంచి వేయించిన చిన్న రైలు తర్వాత గుణుపురం దాకా వచ్చింది. 2011లో ఆ మార్గం బ్రాడ్‌గేజ్ అయింది. అటువంటి పని కోసం తెచ్చిన అప్పు దశాబ్దాల పాటు సరుకునూ మనుషులనూ మోస్తుంది కాబట్టి, దాన్ని రేపటి తరం కూడా కొంత తీర్చడంలో అన్యాయం లేదు. పాత అప్పు వడ్డీ కట్టడానికి తెచ్చిన కొత్త అప్పుకు ఆ సమర్థన చెల్లదు.

రెండో మెట్టు వడ్డీ. అదే పట్టికలో వడ్డీ చెల్లింపులు 12.76 లక్షల కోట్లని ఉంటుంది. ద్రవ్య లోటు నుంచి దీన్ని తీసివేస్తే మిగిలే 2.93 లక్షల కోట్లే ప్రాథమిక లోటు, జీడీపీలో 0.8 శాతం. జీడీపీ ధరల పెరుగుదలతో కలిపి 10 శాతం పెరిగి, సగటు వడ్డీ 7 శాతం దగ్గర ఉంటే, ఈపాటి ప్రాథమిక లోటు ఉన్నా జీడీపీతో పోల్చినప్పుడు రుణభారం తగ్గుతుంది. వృద్ధి వడ్డీ కంటే కిందికి జారిన నాడు ఇదే లెక్క తిరగబడుతుంది. అప్పు ఎవరిదో కూడా చూడండి: కేంద్రం అప్పులో అధిక భాగం రూపాయల్లో, దేశంలోనే తెచ్చినది, తపాలా కార్యాలయంలో మనం దాచుకునే పొదుపు కూడా చాలావరకు చుట్టుతిరిగి ప్రభుత్వానికి అప్పుగానే చేరుతుంది.

అన్నిటికంటే తరచుగా మరిచిపోయేది కాలం. 2020లో లాక్‌డౌన్‌తో వారపు సంతలు మూతపడి, కూలి ఆగి, కొనేవాడు లేనప్పుడు ప్రభుత్వం కూడా ఖర్చు బిగబట్టి ఉంటే పతనం ఇంకా లోతుకు పోయేది. 2020-21లో కేంద్ర ద్రవ్య లోటు జీడీపీలో 9.2 శాతానికి చేరడాన్ని నేను తప్పుపట్టను. అందరికీ చేతినిండా పని ఉండి, మిల్లులు నిండుగా నడుస్తున్న రోజుల్లో అంత లోటు పెడితే, అది ధరలను ఎగదోసి, ప్రైవేటు వ్యాపారికి దొరకాల్సిన అప్పును ప్రియం చేస్తుంది. 1980ల పొడవునా పెరిగిన లోట్లు, స్వల్పకాలిక విదేశీ అప్పులు, గల్ఫ్ సంక్షోభంతో పెరిగిన చమురు ధర కలిసినందువల్లే 1991లో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టవలసి వచ్చింది. ద్రవ్య లోటును జీడీపీలో 3 శాతానికి పరిమితం చేయాలన్న లక్ష్యంతో 2003లో ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ (ఎఫ్ఆర్‌బీఎం) చట్టం వచ్చింది. ఆ మూడును మంత్రంలా జపించడం మాత్రం నాకు నచ్చదు.

ఇక బావగారి ఫోను. 2000 ప్రాంతంలో అప్పుల్లో కూరుకుపోయిన ఒడిశా 2005-06 నుంచి రెవెన్యూ మిగులు, అంటే రోజువారీ ఖర్చు పోగా మిగిలే రాబడి, చూపుతున్న మాట నిజం. నీతి ఆయోగ్ 2025లో విడుదల చేసిన ద్రవ్య ఆరోగ్య సూచీలో మొదటి స్థానమూ దానిదే. అయితే ఆ మిగులుకు ఇనుప ఖనిజం వంటి గనుల రాబడి పెద్ద దన్ను; ఖనిజం ధర పడితే లెక్క కూడా పడుతుంది. పైగా ఉపాధ్యాయుల, నర్సుల పోస్టులు భర్తీ చేయకుండా వదిలేసినా కాగితం మీద మిగులే కనబడుతుంది. అందుచేత ఈసారి ఆయన ఫోను చేస్తే, తమ రాష్ట్ర బడ్జెట్ పత్రంలో రెవెన్యూ లోటు, మూలధన వ్యయం, వడ్డీ అనే మూడు వరుసలు చదివి వినిపించమని అడిగి, ఒడిశా పత్రం నా ముందు తెరిచి పెట్టుకుంటాను.