లైంగిక వేధింపుల మీద పోస్టు పెట్టేముందు బాధితురాలి ఆనవాళ్లు తీసేయండి

కావాల్సినవి రెండే: ఒక ఫోను, బాధితురాలి అనుమతి. కొవ్వొత్తి డీపీలు అక్కర్లేదు.

1. అనుమతి ఆమెనే అడగాలి, అన్ననో మేనమామనో కాదు. వద్దంటే అక్కడితో ఆపేయాలి. 18 ఏళ్లలోపు పిల్ల అయితే పోస్టు ఊసెత్తకుండా ముందు పోలీసులకు చెప్పండి. తెలిసీ చెప్పకపోవడం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం కింద నేరం.

2. వేధించిన మెసేజ్‌లకు నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. అసలు చాట్ డిలీట్ చేయొద్దు.

3. నాలుగు వాక్యాలు రాయండి: ఏం జరిగింది, ఫిర్యాదు ఎక్కడ ఇచ్చారు, ఎక్కడ ఆగింది, ఏం కావాలి. వీడియో మాత్రం వద్దు. ముఖం కప్పుకున్నా గొంతు పట్టిస్తుంది. ‘ఎన్‌కౌంటర్ చేయాలి’ అని రాసేవాళ్లతో నాకు పేచీ. లైకులు వేలల్లో వస్తాయి, ఫైలు మాత్రం కదలదు.

4. అందరూ పాడుచేసేది ఇక్కడే. పేరు తీసేస్తే చాలనుకుంటారు. ‘నార్కట్‌పల్లి పక్క తండా నుంచి నల్గొండకు బస్సులో వచ్చే డిగ్రీ ఫస్టియర్ అమ్మాయి, తండ్రి హమాలీ’ అని రాశారనుకోండి. ఒక తండాలో డిగ్రీకి పోయే ఆడపిల్లలు ఎందరుంటారు? పొద్దుగూకే లోపు ఊరంతా తెలిసిపోతుంది. ‘నల్గొండ జిల్లాలో ఒక విద్యార్థిని’ అంటే చాలు. ఊరు, కులం, కాలేజీ, తండ్రి పని, అన్నీ కొట్టేయండి. నిందితుడు సొంత బాబాయి అయితే అతని పేరు రాసినా ఆమె పేరు రాసినట్టే.

స్క్రీన్‌షాట్ మీద మార్కర్ గీతలు గీసి వదిలేయొద్దు. ఫోటో వెలుతురు పెంచితే కింది అక్షరాలు కనబడొచ్చు. ఆ భాగం కత్తిరించేయండి, లేదా చిక్కటి నల్ల డబ్బా పెట్టండి. కామెంట్లు మూసేయండి, లేకపోతే ‘మా ఊరి పిల్లనే కదా’ అని ఎవరో ఒకరు రాస్తారు.

అత్యాచారం కేసుల్లో ఇది మర్యాద కోసం చెప్పేది కాదు, చట్టం. గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత న్యాయం అడుగుతూనే ఆమె పేరును, ఫోటోను ట్రెండ్ చేశారు. చివరికి ‘దిశ’ అని పిలవండని పోలీసులే చెప్పాల్సి వచ్చింది.

5. పోస్టు పెట్టి ఊరుకోవద్దు. తక్షణ సాయానికి 181, పిల్లలకు 1098, ఆన్‌లైన్ వేధింపులైతే 1930. ‘మా స్టేషన్ పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగండి. అసలు తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి. నమోదయ్యాక ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. అది తీసుకోండి కానీ గ్రూపుల్లో పెట్టకండి, అందులో ఆమె పేరుంటుంది.