కత్తి ఆగితే చేయి ఆపండి: కొత్త కట్టెతో బొమ్మలు చెక్కేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన వారం మా వీధి అబ్బాయి ఎడమచేతికి పెద్ద కట్టుతో కనిపించాడు. కాలేజీకి సెలవులు కదా, ఫోన్‌లో చూసి బొమ్మ చెక్కుదామనుకున్నాడు. నల్లగొండలో కట్టెకోత మిషన్ దగ్గర పడేసిన తుమ్మ ముక్క తెచ్చుకున్నాడు. బొమ్మ భుజం దగ్గర కత్తి ఆగింది. ఇంకొంచెం బలం పెట్టాడు. కత్తి కట్టెను వదిలి బొటనవేలి మొదట్లో దిగింది. వేలిని వంచే స్నాయువు తెగి ఆపరేషన్ దాకా పోయింది.

పదును పెట్టుకోండి, పిల్లలకు అందనీయకండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. నేను చూసిన గాయాలన్నిటి వెనుకా ఉన్న తప్పు ఒక్కటే: కత్తి ఆగినచోట బలం పెట్టడం.

ఈ తప్పు ఎందుకు జరుగుతుందో చెప్తా. ఆ అబ్బాయి ఫోన్‌లో చూసింది వెడల్పాటి, చదునైన పలకలుగా మనిషి బొమ్మ చెక్కే పద్ధతి. దీనికి స్వీడన్‌లో పెద్ద పేరుంది. అక్కడి ఆక్సెల్ పీటర్సన్ (1868–1925) చెక్కిన పల్లెటూరి మనుషుల్ని చూడండి. కోటు, టోపీ, ముక్కు అన్నీ కత్తి వదిలిన పలకలే. సాండ్‌పేపర్‌తో నున్నగా చేయరు, ఆ పలకల మీద పడే వెలుగే బొమ్మకు ప్రాణం. ఇప్పుడు వీడియోల్లో చెక్కేది ఎక్కువగా బాస్‌వుడ్ అనే విదేశీ కట్టె. మెత్తన, పోగు (కట్టెలో నార పోయే దారి) తిన్నగా ఉంటుంది. చెయ్యి తిరిగినవాడు ఒక్క లాగుతో భుజం మొత్తం తీసేస్తాడు. మనవాళ్లు అదే లాగు తుమ్మ మీద వేస్తారు. అది దిగదు. దిగకపోతే నెడతారు. నిజానికి ఆ వెడల్పు పలక మందమైన ఒక్క కోతతో వచ్చేది కాదు. ఉల్లిపొర లాంటి పొట్టు పది పదిహేనుసార్లు తీసి, చివర్లో ఒక్కసారి తేలిగ్గా ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగితే వచ్చేది.

కట్టె సంగతి

తుమ్మ బండి చక్రాలకు, నాగళ్లకు వాడిన కట్టె. నేర్చుకునే చేతికి అది వద్దే వద్దు. వేప తుమ్మంత గట్టిది కాదు గానీ, దాని పోగు అటూ ఇటూ అల్లుకొని ఉంటుంది. రెండు వేళ్ల మేర నున్నగా వచ్చి, అక్కడే చీలుతుంది. టేకు ఇంకోలా మోసం చేస్తుంది. దాంట్లో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, తెలియకుండానే పదును తినేస్తుంది. మీకు కట్టె గట్టిపడినట్టు అనిపిస్తుంది, నిజానికి మొద్దుబారింది కత్తి. అప్పుడూ చేసేది అదే తప్పు: నెట్టడం. మొదటి బొమ్మకు పొణికి అనే మెత్తని కట్టె సంపాదించండి. నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేసేది దాంతోనే.

ఏ కట్టెదైనా ముందు ఒక పనికిరాని ముక్క తీసుకొని నాలుగు వైపులా కోసి చూడండి. పొట్టు చుట్టలు చుట్టుకొని వస్తే మీరు పోగు వెంట పోతున్నట్టు. గరుకుగా లేచి చీలితే ముక్కను తిప్పి అటువైపు నుంచి కోయండి. అంతే తప్ప బలం పెంచొద్దు.

చేయి, కూర్చునే తీరు

కట్టె పట్టుకున్న చేతికి కోత ఆపే గ్లౌజు వేయండి. అది రాసుకుపోయే పదునును ఆపుతుంది, పొడుచుకొచ్చే కత్తి మొనను ఆపదు. గ్లౌజు ఉందన్న ధైర్యంతో వేలు కత్తికి ఎదురుపెట్టొద్దు. సకిలం ముకిలం కూర్చొని తొడల మధ్య కట్టె పెట్టుకొని కోయడం మనకు అలవాటు. మానేయండి. తొడలో పెద్ద రక్తనాళం ఉంది, అది తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. ముక్కను బల్ల మీద ఆనించండి.

ఇంకా వినండి. మెడ, చంక లాంటి చోట్ల ముందు పోగుకు అడ్డంగా ఒక కోత వేసి, తర్వాతే దాని వైపు పొట్టు తీయండి, లేకపోతే కట్టె అవతలి దాకా చీలుతుంది, కత్తి దాని వెంటే పోతుంది. ఇరుక్కున్న కత్తిని మెలిపెట్టి పెకిలించొద్దు, మొన విరిగి ఎగురుతుంది. పావుగంటకోసారి ఆగి తోలు మీద కత్తి రుద్దండి. కత్తి ఆగిందా, చేయి ఆపండి. పచ్చి కట్టెను ఎండలో ఆరబెట్టొద్దు, మన మే నెల ఎండకు కొసలు పగులుతాయి. పాత ఇంటి దూలంలో మొలలు వెతక్కుండా కత్తి పెట్టొద్దు. పాత రంగు పూసిన కట్టె వద్దు. గన్నేరు కొమ్మ ముట్టొద్దు, చెట్టంతా విషమే. చెమట చేత్తో పిడి పట్టొద్దు. రాత్రి నిద్రమత్తులో చెక్కొద్దు. వీడియో ఆడుతుంటే చెక్కొద్దు, ముందు చూడండి, ఆపండి, తర్వాత కత్తి తీయండి. "ఈ ఒక్క కోతతో అయిపోతుంది" అనిపిస్తే కత్తి కింద పెట్టండి. మళ్లీ చెప్తున్నా, కత్తి ఆగినచోట బలం పెట్టొద్దు.

అయినా తెగిందా? పసుపు, సున్నం, కాఫీ పొడి ఏదీ అద్దొద్దు. శుభ్రమైన బట్టతో గట్టిగా నొక్కి, చేయి గుండె కన్నా పైకెత్తి, పది నిమిషాలు తీసి చూడకుండా పట్టుకోండి. రక్తం ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. రక్తం ఆగినా సరే, వేలు వంగకపోతే, లేదా కొస తిమ్మిరిగా ఉంటే అదే రోజు దవాఖానకు పోండి, తెల్లారి దాకా ఆగొద్దు.