ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లని మౌంట్ హోప్ సంతకి తీసుకెళ్లాలంటే

ముందు బుధవారం సెలవు పెట్టండి. శనివారం వెళ్తే మౌంట్ హోప్ దగ్గర్లోని బెర్లిన్ అనే ఊరి మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్, కొవ్వొత్తుల షాపులు, మనలాగే చూడ్డానికొచ్చిన జనం తప్ప ఏమీ కనపడవు. ఆదివారం ఆమిష్ వాళ్ల (సొంత కార్లు, కరెంటు లైన్లు లేకుండా గుర్రబ్బగ్గీల్లో తిరిగే క్రైస్తవ శాఖ) దుకాణాలు మూసేస్తారు. ఇంటి ముందు గుడ్లు అమ్మే బోర్డు మీద కూడా ఆదివారం అమ్మకాల్లేవని రాసి ఉంటుంది. ఒహాయోలో హోమ్స్ కౌంటీలోని మౌంట్ హోప్ అనే చిన్న ఊళ్లో పశువుల వేలం జరిగేది బుధవారమే. బుధవారం కుదరకపోతే గురువారం పక్క కౌంటీలోని కిడ్రన్ వెళ్లొచ్చు. అక్కడి వేలం 1923 నుంచీ ఉంది. ఎదురుగా లేమన్స్ అని కరెంటు అక్కర్లేని సామాన్ల పెద్ద కొట్టు. లాంతర్లు, చేత్తో తిప్పే మరలు, కట్టెల పొయ్యిలు దొరుకుతాయి. అత్తయ్యగారికి కిడ్రన్, మామయ్యగారికి మౌంట్ హోప్ అని మా ఇంట్లో తేలిపోయింది.

మా మామయ్యగారిది ప్రకాశం జిల్లా, కొండపి దగ్గర పల్లెటూరు. పొగాకు, శనగ వేసేవారు, ఒంగోలు ఎడ్లు మేపారు. నయాగరా చూసి "బాగుందమ్మా" అని ఊరుకున్న మనిషి మౌంట్ హోప్ పార్కింగ్‌లోనే మాట్లాడటం మొదలుపెట్టారు. బగ్గీలు కట్టేసే షెడ్ల దగ్గర కాసేపు ఆగండి. తొందరపెట్టొద్దు. బగ్గీకి కట్టే సన్నపాటి గుర్రం స్టాండర్డ్‌బ్రెడ్, వాటిలో చాలావరకు రేసుల్లో పరుగెత్తి రిటైరైనవే. పొలం దున్నేవి వేరు. బెల్జియన్, పెర్షెరాన్ జాతులవి, ఒక్కోటి 900 కిలోల దాకా తూగుతుంది. ఇది ముందే చెప్పి ఉంచితే పెద్దవాళ్లు తేడా వాళ్లే పట్టుకుంటారు. గుర్రాన్ని మాత్రం ముట్టుకోనివ్వకండి, యజమాని పక్కనుంటే అడగండి.

కొలంబస్ నుంచి సుమారు రెండు గంటల దారి. జీపీఎస్ హైవే ఎక్కమంటుంది, నేను మాత్రం 62వ నంబరు రోడ్డే పట్టుకుంటాను. జాన్స్‌టౌన్, డాన్‌విల్, కిల్‌బక్ మీదుగా మిల్లర్స్‌బర్గ్ చేరి అక్కడ 241 ఎక్కాలి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల మధ్య సిగ్నల్ పోతుంది. మిట్ట ఎక్కి దిగేచోట స్పీడు తగ్గించండి, అవతలే బగ్గీ ఉండొచ్చు. హారన్ కొట్టొద్దు, గుర్రం బెదురుతుంది. ఎదర రోడ్డు ఖాళీగా కనపడ్డాకే ఎడంగా దాటండి.

వేలం హాల్లో రింగు చుట్టూ మెట్లలా బెంచీలుంటాయి. ఎవరైనా కూర్చోవచ్చు. కూర్చున్నాక చెయ్యెత్తి దూడని చూపించడం, తల గట్టిగా ఊపడం మానుకోమని పెద్దవాళ్లకి మెల్లగా చెప్పండి. కొనేవాళ్లు పాడేది అలాగే మరి. వేలం పాటగాడు గుక్క తిప్పుకోకుండా పాడతాడు. మొదట్లో ముక్క అర్థం కాదు, బోర్డు మీద బరువు, ధర చూస్తూ ఉంటే కాసేపటికి అందుతుంది. మాంసానికి, మేపుకి కొనే పశువులకి పౌండు బరువుకి ఇంత అని పాడతారు, పాడి ఆవులకి తలకి ఇంత అని. మామయ్యగారికి నేను కిలోల్లోకి, రూపాయల్లోకి మార్చి చెప్తూ కూర్చున్నాను. ఆయన ధర పట్టించుకుంటేగా. "పశువు పళ్లు చూపించకుండా అమ్మేస్తున్నారేంటి?" అని ఒకటే గోల.

మాట కలపాలంటే పొలం గురించి అడగండి. గడ్డి ఎన్ని కోతలైంది, వానలెలా ఉన్నాయి, ఆవులు ఎన్ని. ఫోన్ ఎందుకు వాడరు, టీవీ లేకపోతే ఎలా అని అడిగితే మర్యాదగా నవ్వి పక్కకి వెళ్లిపోతారు. వాళ్లలో వాళ్లు పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ యాస మాట్లాడుకుంటారు, మనతో ఇంగ్లిష్. మామయ్యగారి పంచె వైపు చూస్తూ ఒక గడ్డం పెద్దాయన "ఎన్ని ఎకరాలు?" అని అడిగారు. ఆ తర్వాత నా అనువాదంతో పెద్దగా పని పడలేదు. ఫోటోలు మాత్రం మనుషులవి తీయొద్దు. ఫోటోకి నిలబడటం వాళ్ల మతానికి పడదు. వీపు వైపు నుంచి దొంగచాటుగా తీయడం ఇంకా అసహ్యంగా ఉంటుంది.

జులైలో వెళ్తే అదృష్టం. ఓట్స్ పంట కోసి, పనలు కట్టి, కొన్నేసి కలిపి పొలంలో నిలబెడతారు. ఆరాక కుప్ప నూర్పిడి, దానికి ఇరుగుపొరుగు ఒకరికొకరు సాయం వస్తారు. ట్రాక్టర్ కూడా కనపడుతుంది, ఆశ్చర్యపోకండి. కొట్టం దగ్గర బెల్టు వేసి మర తిప్పుకుంటారు గానీ పొలంలోకి దింపరు. గడ్డి కట్టలు కట్టే మిషన్‌కి ఇంజను ఉంటుంది, దాన్ని లాగేవి గుర్రాలు. ఇందులో తర్కమేంటని మా ఆయన వాదనకి దిగారు. మామయ్యగారికి అసలు సందేహమే రాలేదు. అక్టోబరులో ఆకుల రంగులకని జనం విరగబడతారు, నాకైతే వద్దనిపిస్తుంది.

తిండి విషయం జాగ్రత్త. శాకాహారులకి అక్కడి హోటళ్లు కష్టం. బీన్స్‌లో తరచుగా పంది మాంసం ముక్కలుంటాయి, నూడుల్స్ కోడి రసంలో ఉడికిస్తారు, పై (pie) అనే తీపి వంటకం పిండిలో చాలాచోట్ల పంది కొవ్వు కలుపుతారు. ఆపిల్ పై కదా అని అత్తయ్యగారి చేతిలో పెట్టేముందు అడగండి. నేను పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్తాను. చార్మ్ అనే ఊరి దగ్గర గుగ్గిస్‌బర్గ్ వాళ్ల బేబీ స్విస్ చీజ్ పుట్టింది, అక్కడ ఆగొచ్చు. పాలు విరగడానికి వేసే, దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ పట్టింపు ఉన్నవాళ్లు లేబుల్ చూసుకోవాలి. చిల్లర నోట్లు ఉంచుకోండి. ఇళ్ల ముందు టమాటాలు, తేనె పెట్టి పక్కన డబ్బా పెడతారు, డబ్బులు అందులో వేయడమే.

చీకటి పడకముందే బయల్దేరండి. బగ్గీలకి వెలిగి ఆరే పసుపు లైటు ఉండాలని 2022లో ఒహాయో చట్టం చేసింది గానీ, స్వార్ట్‌జెంట్రూబర్ అనే కఠిన శాఖ వాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. నెమ్మదిగా వెళ్లే బండి అని తెలిపే నారింజ త్రికోణం కూడా పెట్టుకోరు, బూడిదరంగు టేపు, ఒక లాంతరు, అంతే. సాయంత్రం ఆరింటికల్లా మిల్లర్స్‌బర్గ్ దాటేస్తే ఆ టెన్షన్ ఉండదు. పాట అయిపోయేదాకా కదలనని మామయ్యగారు మొండికేస్తారు, అందుకే పొద్దున్నే వెళ్లండి.