పండగకి ఇల్లు సర్దుకుని, తక్కువ ఖర్చుతో అలంకరించుకోవడం ఎలా?

పండగ దగ్గర పడగానే చాలామంది ముందు బజారుకి పరిగెడతారు. లైట్లు, కాగితప్పూలు, గోడకి వేలాడదీసేవి సంచి నిండా కొనుక్కొస్తారు. తీరా ఇంటికొచ్చాక వాటిని ఎక్కడ పెట్టాలో తోచదు. టీవీ బల్ల మీద రిమోట్లు, మందుల సీసాలు, ఛార్జర్లు ఎప్పట్లాగే ఉంటాయి. వాటి మధ్యలో ఓ కొత్త బొమ్మ చేరుతుంది. ఆ బొమ్మ ఎంత అందమైనదైనా అక్కడ కంటికి ఆనదు. అందుకే నేను ఎవరడిగినా ఇదే వరుస చెబుతాను: ముందు చోటు ఖాళీ చేయండి, తర్వాత ఇంట్లో ఉన్నవి వాడండి, కొనడం అన్నిటికన్నా ఆఖరున. ఈ వరుస తప్పకపోతే ఖర్చు సగం అక్కడే తగ్గుతుంది.

1. గుమ్మంలో నిలబడి ఫోటో తీయండి

ఇల్లంతా ఒకేసారి సర్దాలనుకుంటే ఏదీ పూర్తి కాదు. వచ్చినవాళ్ల కళ్లు పడేవి మూడే చోట్లు: గుమ్మం, హాలు, భోజనాల బల్ల. ఈ పండక్కి ఆ మూడూ చాలు. పడకగదులు, అటక, బట్టల అల్మారా తర్వాత చూసుకోవచ్చు.

గుమ్మంలో నిలబడి హాలుని ఫోన్‌తో ఫోటో తీయండి. రోజూ చూసే చిందరవందర మన కంటికి అలవాటైపోయి కనపడదు. ఫోటోలో మాత్రం వేలాడే వైర్లు, కుర్చీ మీద మడతపెట్టని బట్టలు, మూలన పేరుకున్న సంచులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అక్కడ కనిపించినవే మీరు చేయాల్సిన పనులు. పండక్కి రెండు వారాల ముందు ఈ ఫోటో తీసుకుంటే టెన్షన్ లేకుండా పని సాగుతుంది.

2. రోజుకో చోటు ఖాళీ చేయండి

ఒక షెల్ఫ్, ఒక బల్ల, ఒక సొరుగు. రోజుకి ఒక్కటే, అరగంట మించకుండా. దాని మీద ఉన్నవన్నీ కింద పెట్టి, తుడిచి, అక్కడ నిజంగా ఉండాల్సినవే తిరిగి పెట్టండి. మిగిలినవి రెండు రకాలు: వేరే గదికి వెళ్లేవి, ఇల్లు దాటి వెళ్లేవి. వేరే గదివి బుట్టలో వేసి ఆ రోజు చివర ఒకేసారి చేర్చేయండి. ఒక్కో వస్తువు పట్టుకుని తిరుగుతుంటే మధ్యలో ఇంకో పని తగులుకుంటుంది, చేస్తున్నది ఆగిపోతుంది.

ఉంచాలో తీసేయాలో తేల్చుకోలేనివి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. వాటికి ఒక అట్టపెట్టె కేటాయించి, పైన ఆ రోజు తేదీ రాసి మూసేయండి. పెట్టె ఒక్కటే ఉండాలి, నిండితే రెండోది తీయకూడదు. ఆరు నెలల్లో మీరు అందులోంచి ఏదీ వెతుక్కోలేదంటే మీకు జవాబు దొరికినట్టే. పాత ఫోటోలు, ఉత్తరాలు, కాగితాల ఫైళ్ల జోలికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి. అవి తెరిస్తే పూట గడిచిపోతుంది, పని అంగుళం కదలదు.

సొరుగులు విభజించడానికి ప్లాస్టిక్ ట్రేలు కొనక్కర్లేదు. చెప్పుల డబ్బాలు, ఫోన్ల డబ్బాలు మూతలు తీసి సొరుగులో పక్కపక్కన పేర్చండి. తీగలు ఒకదాంట్లో, బ్యాటరీలు ఒకదాంట్లో, పెన్నులు ఒకదాంట్లో. పైకి కనిపించేది ఏమీ లేదు కాబట్టి అవి ఎలా ఉన్నా పర్లేదు.

3. దుమ్ము పైనుంచి కిందికి

ముందు ఫ్యాను, తర్వాత అల్మారా పైభాగం, కిటికీలు, చివరికి నేల. ఈ క్రమం మారితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. ఫ్యాను ఆపి, పాత దిండు గలీబు ఒక్కో రెక్కకి తొడిగి వెనక్కి లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుంది, కింద మంచం మీద రాలదు. బల్బులు కూడా ఆపి, చల్లారాక పొడిగుడ్డతో తుడవండి. దుమ్ము పట్టిన బల్బు వెలుగు తగ్గుతుంది, ఆ తేడా తుడిచిన సాయంత్రమే తెలుస్తుంది.

అద్దాలకి తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి వాడితే చాలు. పాలరాయి మీద మాత్రం వెనిగర్ పడనివ్వకండి, ఆమ్లం రాయిని తినేసి మచ్చలు చేస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: బ్లీచింగ్ ద్రావణాన్ని వెనిగర్‌తో గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువులు పుడతాయి. పండగ హడావుడిలో రెండు సీసాలు ఒకే బకెట్లో ఒంపే ప్రమాదం ఉంది, కాబట్టి పిల్లలకీ, పనిలో సాయం చేసేవాళ్లకీ కూడా ముందే చెప్పి ఉంచండి.

4. ఒక్క చోటు, రెండు రంగులు

ఇప్పుడు అలంకరణ. అన్ని గోడలకీ తలో కాస్త తగిలిస్తే ఏ గోడా నిండుగా ఉండదు. హాల్లో అడుగుపెట్టగానే చూపు ఎటు వెళుతుందో చూసి, ఆ ఒక్క చోటు మాత్రమే ఎంచుకోండి. ఉన్నవన్నీ అక్కడికే చేర్చండి. మిగతా గది శుభ్రంగా, ఖాళీగా ఉంటే అదే ఆ చోటుకి అందం తెస్తుంది.

రంగులు రెండు చాలు. ఒకటి మీ కర్టెన్లలోనో సోఫాలోనో ఇప్పటికే ఉన్న రంగు, రెండోది దానికి తోడుగా తెలుపో బంగారు వన్నెయో. ఇంట్లో ఉన్న రంగుతో మొదలుపెడితే కుషన్ కవర్లు, బల్లగుడ్డలు కొత్తగా కొనాల్సిన పని ఉండదు.

బల్ల మీద వస్తువులు పెట్టేటప్పుడు మూడేసి చొప్పున, మూడు ఎత్తుల్లో పెట్టండి: పొడుగు సీసా, మధ్యరకం దీపం, పొట్టి గిన్నె. ఎత్తు చాలకపోతే కింద రెండు పుస్తకాలు పెట్టి పైన గుడ్డ కప్పేయండి. భోజనాల బల్ల మధ్యలో పెట్టేది మాత్రం 30 సెంటీమీటర్లు దాటకూడదు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకి ఒకరి మొహం ఒకరికి కనపడాలి కదా.

5. వెలుగు మీద ఖర్చు పెట్టండి

ఏదైనా ఒక్కటి కొనగలిగితే అది సీరియల్ లైట్లే కావాలని నా అభిప్రాయం. పెద్ద లైటు ఆపి చిన్న లైట్లు వేస్తే పాత సోఫా, రంగు వెలిసిన గోడ కూడా ముచ్చటగా కనిపిస్తాయి. మరే అలంకరణా ఇంత తక్కువలో గది వాతావరణాన్ని ఇంతగా మార్చదు.

ఎల్ఈడీవే తీసుకోండి. 100 చిన్న బల్బులున్న పాతరకం తీగ సుమారు 40 వాట్లు తీసుకుంటే, అన్నే బల్బుల ఎల్ఈడీ తీగ 5 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. రోజుకి 6 గంటల చొప్పున 10 రోజులు వెలిగిస్తే మొదటిదానికి 2.4 యూనిట్ల కరెంటు, రెండోదానికి 0.3 యూనిట్లు. పైగా ఎల్ఈడీ అంతగా వేడెక్కదు, ఎక్కువ ఏళ్లు పనిచేస్తుంది.

పెట్టె మీద రంగు వివరం చూడండి. 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉంటే పసుపు కలిసిన వెచ్చని వెలుగు, వార్మ్ వైట్ అనేది అదే. 6000 దాటితే నీలం ఛాయ కలిసిన తెలుపు, అది ఆఫీసుకి నప్పుతుంది గానీ పండగ హాలుకి నప్పదు. బయట కట్టాలంటే ఐపీ రేటింగ్ (దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఎంత రక్షణ ఉందో చెప్పే అంకె) ఐపీ44 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. ఐపీ20 అని ఉన్నది నీటిచుక్కలకి తట్టుకోదు, ఇంటి లోపలికే.

కట్టే ముందు తీగని నేల మీద పరిచి ఒకసారి వెలిగించి చూడండి. గోడకి కట్టాక వెలగలేదంటే మళ్లీ అంతా విప్పాలి. తర్వాత ప్లగ్ పాయింట్ దగ్గర్నుంచే మొదలుపెట్టి అవతలి చివరకి వెళ్లండి. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు గుచ్చకండి. వైరు తివాచీ కింద నుంచి, తలుపు సందులో నుంచి పోనివ్వకండి. రాత్రి పడుకునే ముందు అన్నీ ఆపేయండి.

లైట్లు తక్కువగా ఉన్నాయా? అద్దం ముందు పెట్టండి, రెట్టింపు కనిపిస్తాయి. గాజు సీసాలో చుట్టచుట్టి వేస్తే చిన్న తీగ కూడా దీపంలా పనికొస్తుంది.

6. ఇంట్లో ఉన్నవాటితో

కాగితపు చక్రాలు చేయడం పిల్లలకి కూడా సులువే. ఏ4 కాగితాన్ని పొట్టి అంచుకి సమాంతరంగా 2 సెంటీమీటర్ల వెడల్పుతో ముందుకీ వెనక్కీ మడుస్తూ వెళ్లండి. అలాంటివి రెండు చేసి, చివరలు జిగురుతో కలిపి ఒకే పొడుగు పట్టీ చేయండి. దాన్ని దగ్గరికి నొక్కి, సరిగ్గా మధ్యలో దారంతో బిగించి, రెండు సగాలనీ విసనకర్రలా విప్పి అంచులు అతికించండి. 21 సెంటీమీటర్ల చక్రం తయారవుతుంది. ఒక్క కాగితంతో చేయబోతే చక్రం నిండదు, మధ్యలో ఖాళీ ఉండిపోతుంది. పాత మ్యాగజైన్ పేజీలు, గిఫ్టు కాగితాలు కూడా పనికొస్తాయి. వేరువేరు సైజుల్లో ఏడెనిమిది చేసి ఒకే గోడ మీద దగ్గర దగ్గరగా పెడితే నిండుగా ఉంటుంది. ఆ గుంపు మధ్యభాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడి చూసే కంటికి సరిపోతుంది. చాలామంది మరీ పైన కట్టేస్తారు.

పూలు కొంటే ఒక్క గుత్తి చాలు. దాన్ని ఒకే కూజాలో పెట్టకుండా, నాలుగైదు చిన్న సీసాల్లో రెండేసి కాడలు సర్దండి. కాడ చివర ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేయండి, లేకపోతే అవి కుళ్లి నీళ్లు పాడవుతాయి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. పళ్ల బుట్ట పక్కన మాత్రం పెట్టకండి. పండుతున్న పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి పూలు తొందరగా వాడిపోతాయి. పూలు దొరకకపోతే పచ్చని ఆకుల కొమ్మలు రెండు చాలు.

కొవ్వొత్తులు పెడితే కర్టెన్లకీ, కాగితానికీ, ఎండిన ఆకులకీ కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో, కదలని పళ్లెంలో పెట్టండి. గదిలో ఎవరూ లేకుండా వెలుగుతూ వదలకండి. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో బ్యాటరీ దీపాలే మేలు.

7. గోడ పాడవకుండా

అద్దె ఇల్లయితే మేకులు కొట్టలేం. అతికించే హుక్కులు పెట్టే ముందు గోడని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (రబ్బింగ్ ఆల్కహాల్)తో తుడిచి ఆరనివ్వండి. హుక్కుని అర నిమిషం గట్టిగా నొక్కి, బరువు తగిలించే ముందు గంటసేపు వదిలేయండి. కొత్తగా రంగు వేసిన గోడ మీద వారం దాకా అతికించొద్దు. సాగే పట్టీ ఉన్న రకమైతే తీసేటప్పుడు ముందుకి లాగకండి. పట్టీ కొసని పట్టుకుని గోడకి ఆనించినట్టుగా నెమ్మదిగా కిందికి లాగండి, పెచ్చు ఊడదు.

8. తీసి దాచడం

వచ్చే ఏడాది ఖర్చు ఎంతో తేలేది ఇక్కడే. లైట్ల తీగని గుండ్రంగా చుట్టి కవర్లో పడేస్తే ముడులు పడి, విప్పే విసుగులో చాలామంది కొత్తవి కొనేస్తారు. పుస్తకం అంత అట్టముక్కకి రెండు వైపులా గాటు పెట్టి, తీగ కొసని గాటులో దూర్చి అట్ట చుట్టూ చుట్టండి. ప్లగ్ ఆఖరున బయటికి ఉండాలి, అప్పుడు విప్పకుండానే వెలిగించి చూసుకోవచ్చు. బ్యాటరీ దీపాల్లోంచి బ్యాటరీలు తప్పకుండా తీసేయండి. నెలల తరబడి లోపలే ఉంటే కారి, దీపాన్నే పాడుచేస్తాయి.

కాగితపు చక్రాలు విప్పకుండా పాత కవర్ల మధ్య పరిచి, గాజువి పాత బనియన్లలో చుట్టి, అన్నీ ఒకే పెట్టెలో పెట్టండి. పెట్టె పట్టనంత ఉంటే కొన్ని ఎవరికైనా ఇచ్చేయండి. తీసేముందు అలంకరణ మొత్తాన్ని ఒక ఫోటో తీసి, ప్రింటో స్కెచ్చో పెట్టెలో పైన పెట్టండి. పక్కనే ఒక చీటీ: ఏవి బాగున్నాయి, ఏవి విరిగాయి, ఎన్ని హుక్కులు కావాలి, లైట్ల తీగ ఎంత పొడుగు. మళ్లీ బజారుకి వెళ్లే ముందు ఆ చీటీ చూసి బయల్దేరండి.