ఇసినోఫిలిక్ గ్యాస్ట్రోఎంటరైటిస్ అనుమానమా? ఎండోస్కోపీకి ముందు జాగ్రత్తలు

• స్టెరాయిడ్లు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ జబ్బులో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు కడుపు, పేగుల్లో చేరి వాపు తెస్తాయి. స్టెరాయిడ్లు ఆ కణాలను తగ్గించి జబ్బును కప్పేస్తాయి. అలాగని సొంతంగా మానేయకండి, అది మరీ ప్రమాదం.

• మలపరీక్ష అయిందా? నులిపురుగులూ ఇసినోఫిల్స్‌ను పెంచుతాయి. మన ప్రాంతంలో దీన్ని వదిలేయకూడదు.

• అన్నిటికన్నా ముఖ్యం బయాప్సీ, అంటే పరీక్షకు చిన్న ముక్క తీయడం. ఈ వాపు అక్కడక్కడే ఉంటుంది, పైకి పొర నున్నగా, మామూలుగానే కనిపించవచ్చు. అందుకే కడుపు, చిన్నపేగుల్లో పలుచోట్ల నుంచి ముక్కలు తీస్తారా అని మొహమాటపడకుండా అడగండి. రక్తంలో ఇసినోఫిల్స్ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు.

• రక్తం పలచబరిచే మందులు, ఎలర్జీలు, ఆస్తమా: చీటీ రాసుకెళ్లండి.

• ఆసుపత్రి చెప్పినన్ని గంటలు ఉపవాసం. దారిలో ఇరానీ చాయ్ కూడా వద్దు, అందులో పాలుంటాయి.

• మత్తిస్తే ఆ రోజు హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండి నడపకండి. తోడు ఉండాలి.