నీస్ తీరంలో దిగేముందు

వేసవిలో ఫ్రెంచ్ రివియేరాకు, అంటే ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న మధ్యధరా సముద్ర తీరానికి, వెళ్లేవాళ్లు హోటళ్ల గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు. సముద్రం గురించి అడగరు. నాకు భయమంతా దాని గురించే.

అక్కడి నీస్ నగరంలో ఉన్నది ఇసుక తీరం కాదు, గులకరాళ్ల తీరం. విశాఖ ఆర్కే బీచ్‌లోలా చెప్పులు వదిలేసి పరుగెత్తలేం. కోడిగుడ్డంత నున్నటి బూడిదరంగు రాళ్లు ఎండకు చురుక్కుమంటాయి, అడుగేస్తే జారిపోతాయి. నీళ్లలో వేసుకునే రబ్బరు బూట్లు తప్పక కొనుక్కోండి.

అసలు ప్రమాదం లోతుది. నీళ్లు చెరువులా నిమ్మళంగానే కనిపిస్తాయి. కానీ ఒడ్డు నిట్టనిలువుగా దిగుతుంది. నాలుగడుగులు వేసేసరికి మోకాళ్ల దగ్గరున్న నీళ్లు మెడ దాకా వచ్చేస్తాయి. అల వెనక్కి తీసేటప్పుడు రాళ్లు గలగలమంటూ కాళ్ల కిందనుంచి జారతాయి, పైకెక్కుదామంటే పట్టు దొరకదు. ఈత రానివాళ్లు దయచేసి లోపలికి దిగొద్దు. చిన్నపిల్లలుంటే ఇసుక తీరాలున్న కాన్‌కో, జువాన్ లె పాన్‌కో తీసుకెళ్లండి.

ఎర్రజెండా ఉంటే నీళ్లలో దిగకూడదు. ఊదారంగుది నీళ్లు కలుషితమైనా, జెల్లీఫిష్ లాంటివి వచ్చినా ఎగరేస్తారు. జెల్లీఫిష్ కుడితే రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. సముద్రపు నీళ్లతోనే కడగాలి.

ఎండ దగ్గర గడియారాన్ని నమ్మొద్దు. వేసవిలో అక్కడి గడియారం ముందుకు జరిపి ఉంటుంది కాబట్టి సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం ఒకటిన్నర దాటాకే. నాలుగింటిదాకా పెద్దవాళ్లను నీడపట్టునే ఉంచండి. జులైలో రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురుంటుంది, తొందరేమీ లేదు.

నీస్‌కు పడమరనున్న ఎస్తరెల్, మోర్ కొండల్లో నడవాలనుకుంటే ముందురోజు సాయంత్రమే ప్రిఫెక్చర్ (అక్కడి జిల్లా ప్రభుత్వ కార్యాలయం) వాళ్ల మ్యాప్ చూడండి. పొడిగాలులు వీచే రోజుల్లో అడవి దారులు మూసేస్తారు. 2021 ఆగస్టులో మోర్ కొండల్లో మంటలు లేచి ఇద్దరు చనిపోయారు, వేలమందిని ఖాళీ చేయించారు. అక్కడ సిగరెట్ ముట్టించే ఆలోచనే వద్దు.

షెంగెన్ వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల బీమా కాగితం ఫోన్‌లో పెట్టుకోండి. ఆపదొస్తే 112కు ఫోన్ చేయండి.

శాకాహారులు నీస్ సలాడ్‌నీ, ఉల్లిపాయలు పరిచి కాల్చే రొట్టె పిస్సలదియేర్‌నీ చూసి మోసపోవద్దు, రెండింట్లోనూ ఆంకోవీ చేపలుంటాయి. సొక్కా అడగండి. శనగపిండిలో ఆలివ్ నూనె కలిపి, పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు మాడి, మిరియాల పొడి చల్లి ఇస్తారు. వేడిమీదే తినేయాలి, చల్లారితే సాగుతుంది.